పెరట్ల పాతిన గడ్డ

"గర్భసంచే తీసేద్దామా, గడ్డ ఒక్కటే తీద్దామా?" అని డాక్టరమ్మ అడిగింది. సంచి తీస్తే నెలనెలా రక్తం పోవుడు బందైతది, పిల్లల ఆశ గూడ బందైతది. గడ్డ ఒక్కటే తీస్తే మళ్ల పెరగొచ్చు. మా ఆయన కొమురెల్లి నేల చూసుకుంట కూసున్నడు. నాకు మండింది.

"సంచిని ముట్టకుండ్రి. నాకు బిడ్డ కావాలె" అన్న.

కడుపు కోసి గడ్డ తీసిన్రు. పరీక్షకు ల్యాబుల ఇచ్చి రమ్మని, గడ్డ ఉన్న డబ్బా మా అత్త సారవ్వ చేతుల పెట్టిన్రు. ఇక్కడ అంతే, అసొంటియి ఇంటోళ్లే మోసుకపోవాలె.

గోదావరిఖనిల మా క్వార్టరు ఓపెన్‌కాస్టు గనికి దగ్గర. మధ్యాహ్నం సైరన్ మోగుతది, బొగ్గు కోసం బ్లాస్టింగు చేస్తరు, గోడలు వణుకుతయి, ఇల్లంత పేలుడు మందు వాసన. అలవాటే. దవాఖాన నుంచి వచ్చినంక మాత్రం, పేలుడు ఆగినా పెరట్ల ఒక చప్పుడు ఆగుతలేదు. సన్నగ... ఆకలికి గునిసి ఏడ్సినట్టు.

పిల్లి కావచ్చు అనుకున్న. రోజూ అదే.

"అత్తా, రిపోర్టు ఇంకా రాలేదేంది?"

సారవ్వ కొంగుతోటి చేతులు తుడుసుకుంది. "ల్యాబుల ఇయ్యలే బిడ్డా... నీ కడుపుల పెరిగినదాన్ని డబ్బల ఎట్ల ఇడిసిపెడ్త? కాన్పైతే మాయను పాతిపెట్టమా? గట్లనే పసుపు పూసిన కుండల పెట్టి, పెరట్ల పాతిన."

"నీకు బుద్ధుందా! అది క్యాన్సరో ఏందో తెలువద్దా?" అని మొత్తుకున్న. కుట్లు సుర్రుమన్నయి.

రాత్రి డ్యూటీ చేసి పండుకున్న కొమురెల్లిని లేపిన. పార తెచ్చి తవ్విండు. మబ్బు కమ్మింది. కుండ మూతికి కట్టిన గుడ్డ కట్టినట్టే ఉంది.

"బరువుంది..." అన్నడు గుసగుసగ. ముడి విప్పిండు.

అంత బరువున్న కుండ లోపల ఏం లేదు. పసుపు మీద గీతలు... చిన్న చిన్న వేళ్లవి.

"పందికొక్కు కావచ్చు" అన్నడు. ముడి ఊడకుండ పందికొక్కు ఎట్ల దూరుతది?

సైరన్ మోగింది. పేలింది. నేల కదిలింది.

గునుసుడు మొదలైంది. పెరట్ల కాదు... ఇంట్ల. నా మంచం కింద.

"పోకు జమునా..." ఆయన నా చెయ్యి పట్టుకున్నడు. నాకూ భయమే. అయినా కాలు లోపలికే గుంజుతాంది. ఎద సలుపుతాంది.

గడపల సారవ్వ నిలబడ్డది. "జల్ది పో బిడ్డా... ఎన్ని దినాలాయె, ఆకలైతాంది."

జాకెట్టు తడిగ తగిలింది. చూసుకున్న.

పాలు.

నేను ఇంతవరకు ఎవ్వరినీ కనలే.