నాటకాల గోడౌన్

"నల్ల రంగు కావాలి. గోడలన్నిటికీ."

రంగుల షాపు కౌంటర్ వెనక కూర్చున్న కుర్రాడు తలెత్తి చూశాడు. జుట్టు ముడేసి అందులో పెన్సిల్ గుచ్చుకున్న అమ్మాయి. పక్కనున్న పాత గోడౌన్‌ని నాటకాలకని అద్దెకు తీసుకున్న డైరెక్టర్ ఈవిడేనన్నమాట.

"అన్నిటికీ నలుపా? ఎవరైనా పోయారాండీ?"

"మీ వీధి పోయిందండీ. చీకటి పడితే ఒక్క మనిషి కనిపించడు. సంతాపం తెలుపుదామని."

అతనికి ఒళ్ళు మండింది. అయినా డబ్బాలు తనే మోసుకెళ్ళి ఇచ్చి వచ్చాడు. ఎందుకో అతనికే అర్థం కాలేదు.

నాటకాలు మొదలయ్యాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఊరికే పోతారా? టీకొట్టాయన రెండో పొయ్యి పెట్టాడు. వేషాల బట్టలు కుట్టే పని దొరికి టైలర్ మూలపడేసిన మెషిన్ బయటికి తీశాడు. సెట్ల పుణ్యమా అని రంగుల షాపుకీ ఊపిరాడింది.

కడుపు నిండాక ఆ పెద్దమనుషులకి పరువు గుర్తొచ్చింది!

వర్తక సంఘం మీటింగ్ పెట్టారు. అధ్యక్షుడు కుర్రాడి నాన్నే. "మర్యాదస్తుల వీధిలో ఈ గంతులేమిటి? గోడౌన్ ఖాళీ చేయించాలి" అన్నాడు. టీకొట్టాయనా, టైలరూ బుద్ధిగా తలలూపారు.

కుర్రాడు లేచాడు. "నాన్నా, మన షాపు నడుస్తున్నదే ఆ గంతుల వల్ల."

"నువ్వు ఆ పిల్లని చూసి మాట్లాడుతున్నావురా."

"నేను చూసి మాట్లాడుతున్నాను. మీరు ఒక్క నాటకమైనా చూడకుండా మాట్లాడుతున్నారు."

అందరూ నేల చూపులు చూశారు. చేతులు మాత్రం ఖాళీ చేయించడానికే ఎత్తారు.

గుమ్మంలో నిలబడి అంతా వింది ఆ అమ్మాయి. "మీ పరువు మీరే ఉంచుకోండి అధ్యక్షులుగారూ" అనేసి, తన బృందాన్ని ఊరి అవతల మూతపడ్డ సినిమా హాలుకి తీసుకెళ్ళిపోయింది.

నెల తిరక్కుండానే వీధి మళ్ళీ ముసుగుతన్ని పడుకుంది. రెండో పొయ్యి ఆరింది. మెషిన్ మూలకి చేరింది. అప్పుడు పుట్టుకొచ్చింది పెద్దమనుషులకి కళల మీద ఎక్కడలేని ప్రేమ! "కళని కాపాడుకోవాలండీ" అంటూ టీకొట్టాయన కళ్ళు కూడా ఒత్తుకున్నాడు.

వానలో తడుస్తూ కుర్రాడు ఆ హాలుకి వెళ్ళాడు. ఆమె నిచ్చెనెక్కి తెర మీద మబ్బులు వేస్తోంది.

"ఏం, బేరాలు పడిపోయాయా? రాయబారం పంపారా?"

"ఆ సంగతి మా నాన్న మాట్లాడతారు. బయట గొడుగేసుకుని నిలబడ్డారు. నేను నా పని మీద వచ్చాను."

"ఏమిటో ఆ పని?"

"మీరు లేకపోతే షాపు సంగతి అటుంచండి, నాకే ఏమీ తోచట్లేదు. మీచేత తిట్లు తినడం అలవాటైపోయింది. జీవితాంతం తిడతారా?"

ఆమె చేతిలో బ్రష్ ఆగిపోయింది. అంతమందికి నటన నేర్పిన మనిషికి తన నవ్వు దాచుకోవడం మాత్రం చేతకాలేదు.

గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. "అమ్మా, వాడి గొడవ తర్వాత. మా వీధిలో నాటకం మళ్ళీ ఎప్పుడో ముందు చెప్పు తల్లీ!"

ఆమె తాపీగా నిచ్చెన దిగి, చేతులు తుడుచుకుంది.

"నాటకం సంగతే తర్వాత. ముందు మీవాడి గొడవ తేలనివ్వండి, మామయ్యగారూ!"