కంపెనీకి చావు లేదు

శ్రీవిద్య పళ్లు తోముకుంటుండగా కింద అంగట్లోంచి తాత గొంతు వినిపించింది.

"ఆఁ, నేనేనబ్బా మాట్లాడేది. మంచి సరుకే పంపించు, నేను చెప్తుండా గదా!" చివర్లో ఆ పొడి దగ్గుతో సహా.

చేతిలో బ్రష్షు జారి కింద పడింది. తాత పోయి ఏడాదిన్నర దాటింది. పాదాలు పట్టుకుని ఏడ్చి మరీ సాగనంపిందే తను! ఇప్పుడీ దగ్గేమిటి?

మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. ఆత్మకూరు బస్టాండు వెనక వీధిలో వాళ్లది హోల్‌సేల్ కిరాణా వ్యాపారం. కింద అంగడి, పైన ఇల్లు. అంగట్లో తాత లేడు. ఆయన పరుపు మీద కూర్చుని, ఆయన ఫోను చెవిన పెట్టుకుని మాట్లాడుతున్నది ఆమె నాయన రంగనాథం. కూతుర్ని చూసి గబుక్కున ఫోను కింద పెట్టాడు.

"లేచినావామ్మా? కాఫీ తాగినావా?" అన్నాడు, ఈసారి తన గొంతుతోనే.

"ఏంది నాయనా ఇది?"

"గుంటూరు మిర్చి షావుకారుతో లే. నేనడిగితే నాసిరకం అంటగడతాడు. మా నాయన అడిగితే కిక్కురుమనడు." పైగా నవ్వొకటి!

శ్రీవిద్య విశాఖపట్నంలో ఎల్ఎల్ఎం చదువుతోంది, కార్పొరేట్ లా. సెలవులకని రాత్రే వచ్చింది. ఉదయగిరిలో రెండో గోడౌను తెరిచినప్పుడు తాత ఈ అంగడిని ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ చేశాడు. తండ్రీ కొడుకులిద్దరూ డైరెక్టర్లు. ఆ ముచ్చట చూసే ఆమె ఈ చదువులో చేరింది.

ఇంతలో తాత ఫోను టింగుమంది. కంపెనీ లెక్కలు సర్కారుకు పంపడానికి రంగనాథం అందులో వచ్చిన ఓటీపీ చూసి కంప్యూటర్లో కొట్టాడు. పెన్‌డ్రైవ్ లాంటి చిన్న ముక్క ఒకటి తీసి, కళ్లకద్దుకుని, కంప్యూటరుకు పెట్టబోయాడు. అది తాత డిజిటల్ సంతకం. శ్రీవిద్య అతని చెయ్యి పట్టుకుంది.

"ఆగు నాయనా! తాత ఇంకా డైరెక్టరుగా ఉండాడా?"

"ఉండక? యాడికి పోతాడు?"

వేళాకోళం అనుకుని మొహంలోకి చూసింది. కాదు, నిజంగానే అంటున్నాడు. అప్పుడు భయం వేసింది ఆమెకు.

"పోయినాయన సంతకం నువ్వు పెడుతుండావా? ఫోర్జరీ అంటారు దాన్ని. ఈ ఏడు లెక్కలు ఆ సంతకంతో పంపినావంటే నిన్ను జైల్లో పెడతారు!"

"ఓహో! నిన్ను చదివించింది నా మీదికే సెక్షన్లు తీయడానికా?" రంగనాథం గొంతు లేచింది. "నువ్వే గదా ఫోన్లో చెప్పినావు, మనుషులు పోయినా కంపెనీ పోదు, కంపెనీకి చావు లేదని! ఆ మాట పట్టుకునే గదా బతుకుతుండా నేను!"

తాత పోయిన కొన్నాళ్లకు, కాలేజీలో చేరిన కొత్తలో విన్న పాఠం అది. సంబరంగా ఫోన్ చేసి చెప్పింది. అవతల నాయన చాలాసేపు మాట్లాడకపోతే అర్థం కాలేదేమో అనుకుంది. ఎంత బాగా అర్థం చేసుకున్నాడో ఇప్పుడు తెలిసింది.

"చావు లేంది కంపెనీకి నాయనా. తాతకు ఉండాది."

అన్నాక నాలుక కరుచుకుంది. రంగనాథం చెయ్యి పైకి లేచి, మళ్లీ దానంతటదే దిగిపోయింది.

"డెత్ సర్టిఫికెట్ ఇయ్యి నాయనా," అంది మెల్లగా. "తాత పేరు తీయించి, రెండో డైరెక్టరుగా అవ్వ పేరు పెట్టుకుందాం. అన్నీ నేను చూసుకుంటా."

"లేదు."

"యాడ పెట్టినావో గుర్తు చేసుకో."

"పెట్టేదానికి ఉంటే గదా! అసలు రాయించనే లేదు. ఇంట్లో నిద్దట్లోనే పోయినాడు, ఎవురూ అడగలా." అతను తాత ఫోను చేతిలోకి తీసుకున్నాడు. "రాయిస్తే నిజంగా పోయినట్టే గదమ్మా. ఆ పైన నేనెవుర్ని అడగాల?"

"నన్నడిగినావా రా ఒక్కరోజన్నా?"

మెట్ల మీద అవ్వ హనుమాయమ్మ నిలబడి ఉంది. చేతిలో కాఫీ గ్లాసు ఉంది.

"పొద్దున్నే ఆయన గొంతు వినపడతాది. లేచి కాఫీ కలపతా. కలిపినాక గుర్తొస్తాది, తాగేదానికి మనిషి లేడని. రోజూ పొద్దున్నే ముండమోస్తుండానురా నేను! ఇంక చాలురా, నీకు దణ్ణం పెడతా."

రంగనాథం తండ్రి ఫోను ఆపేశాడు. లేచి చొక్కా మార్చుకున్నాడు.

తాత పోయి ఏడాది దాటింది గనక డెత్ సర్టిఫికెట్ కోసం ఆర్డీవో ఆఫీసుకు వెళ్లాల్సి వచ్చింది. ముగ్గురూ వెళ్లారు. గుమాస్తా తలెత్తకుండానే, "చనిపోయినాయన పేరు?" అని అడిగాడు.

రంగనాథం నోరు తెరిచాడు. మాట రాలేదు. గుమాస్తా మళ్లీ అడిగాడు. శ్రీవిద్య చెప్పబోతే హనుమాయమ్మ చేత్తో వారించింది. పెళ్లయిన నాటి నుంచి ఆమె నోట మొగుడి పేరు వచ్చింది లేదు. జనాభా లెక్కలవాళ్లు వచ్చినా కొడుకును కేకేసి చెప్పించేది.

"జనార్దనయ్య," అంది. "నా పెనిమిటి. పోయినాడు. రాసుకో నాయనా."

రంగనాథం తల్లి భుజం మీద తల పెట్టి, పసిపిల్లాడిలా అందరి ముందూ బావురుమన్నాడు.