నాలుగో భుజం

ఇసుక మీద జీపు నడపడం నాకు నేర్పినవాడు క్రీస్తుదాసు. ఆనకట్ట సర్వే వాళ్ల దగ్గర డ్రైవరు. యాభై ఎనిమిది వేసవిలో దాచేపల్లి అవతల కృష్ణ సన్నబడిపోయి, ఒడ్డు నుంచి నీటి దాకా అర మైలు ఇసుక తేలింది. జీపు దిగబడకుండా నీటి దాకా వెళ్లి తిరిగొస్తే నాకూ డ్రైవరు ఉద్యోగం ఇస్తామన్నారు.

పొద్దు వాలాక బయలుదేరాం. ఒడ్డున కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు ముక్కుకు తగులుతోంది. దాసన్న నాలుగు టైర్లలోనూ సగం గాలి తీయించాడు.

"ఒరేయ్ కరీముల్లా, చెప్పినవన్నీ ఒకసారి అప్పజెప్పు."

"నాలుగు చక్రాలూ లాగే గేరు వెయ్యాలి. గట్టిగా తిప్పకూడదు. చక్రం ఉత్తినే తిరిగితే కాలు తీసెయ్యాలి."

"అసలుది మింగేశావే?"

"ఆగకూడదు."

"మీ మామగారు ఎదురొచ్చినా ఆగకూడదు. ఆగావో, జీపును నువ్వే నెత్తిన పెట్టుకుని మొయ్యాలి!"

నీటి దాకా బాగానే వెళ్లాం. వెడల్పుగా తిప్పుకుని వెనక్కి మళ్లాను. మసక కమ్ముకుంది. ఉన్నట్టుండి మిరప ఘాటు పోయింది. దాని బదులు అత్తరు వాసన, ఊదు వాసన...

ముందు ముగ్గురు మనుషులు జనాజా మోసుకుపోతున్నారు. పచ్చ గుడ్డ కప్పిన పాడె. వెనక కుడి మూల కింద ఎవరూ లేరు. అయినా పాడె ఒరగడం లేదు.

జనాజా కనబడితే మావాళ్లు ఎంత పనున్నా ఆగి భుజం పడతారు. నలభై అడుగులు మోస్తే పుణ్యమంటారు. మా నాన్న మిరప బండి ఆపి మరీ దిగేవాడు.

నా కాలు బ్రేకు మీద పడింది.

"ఎందుకాపావురా!"

"జనాజా అన్నా. భుజం పట్టి వస్తా."

"ఏ జనాజా?"

నేను వినలేదు. నా మొండితనం అలాంటిది.

ఖాళీ మూల కింద భుజం పెట్టాను. బరువే లేదు. కర్ర మాత్రం బావి రాయిలా చల్లగా ఉంది. అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. వాళ్ల పాదాలు ఇసుకలో దిగడం లేదు. చప్పుడూ లేదు. ఏడు... నా మడమలు దిగాయి. తొమ్మిది... పిక్కలు. పాడె బరువెక్కుతోంది. పదకొండు... మోకాళ్లు. ఇసుక తడిగా ఉంది. కింద నుంచి పీలుస్తోంది.

"ఎవరు పోయారు?" అని గొణిగాను.

ముందున్నవాడు తల తిప్పలేదు.

"ఇంకా పోలేదు," అన్నాడు గుసగుసగా.

హారన్ మోగింది. మోగుతూనే ఉంది. దాసన్న పాకుతూ వచ్చి నా చొక్కా పట్టి వెనక్కి లాగాడు. వెల్లకిలా పడ్డాను. ఎదురుగా ఎవరూ లేరు.

"ఒక్కడివే భుజం ఎగరేసుకుని ఊబిలోకి నడుస్తున్నావు కదరా," అన్నాడు.

జీపు ఇరుసు దాకా దిగబడింది. ఉద్యోగం రాలేదు. ఆ తర్వాత నేను ఏటి ఇసుక తొక్కలేదు.

నిన్న సాయంత్రం మా కోడలు షాజాదీ గోడ కట్టించడానికి వాకిట్లో ఇసుక తోలించింది. పొద్దున్నే చూస్తే కుప్ప మీద ముగ్గురి అడుగులు. అన్నీ ఇంటి వైపే. వెనక కుడి పక్కన మాత్రం ఖాళీ.

"పనివాళ్లవి లెండి మామయ్యా," అంది.

పనివాళ్లు ఇంకా రానే లేదు.

ఆ రోజు ఏట్లో పదకొండు అడుగులే మోశాను. నా మంచం దగ్గర నుంచి ఆ కుప్ప దాకా నడిచి చూశాను. సరిగ్గా ఇరవై తొమ్మిది అడుగులు.