పన్నా? వర్తకమా?

దిగువ సభ ఆర్థిక కమిటీ కార్యదర్శి నవ్వితే పై అంతస్తు దాకా వినిపిస్తుంది. ఆ నవ్వుతో తన ఎదుటి సీటు అమ్మాయి నవ్వు కూడా కలుస్తోందని తెలిసిన రోజు నుంచి పై అంతస్తు న్యాయ అధికారికి తిండి సహించడం లేదు.

ఇద్దరూ ఎగువ సభ న్యాయ విభాగంలో పనిచేస్తారు. ఆమె బిల్లులు రాస్తుంది. అవి ఏ సభలో పెట్టాలో అతను నోటు రాస్తాడు. ఏడాదిగా ఒకే టేబుల్, వానొస్తే బస్టాపు దాకా ఒకే గొడుగు. మనసులో మాట మాత్రం అతని గొంతు దాటలేదు.

ఆ వారం ఓడరేవు బిల్లు వచ్చింది. దిగుమతి సరుకు మీద కొత్త రుసుము. అది వర్తక నియంత్రణ అయితే ఎగువ సభలో పెట్టొచ్చు. పన్ను అయితే మాత్రం, రాజ్యాంగం ప్రకారం, ప్రజలు నేరుగా ఎన్నుకున్న దిగువ సభలోనే మొదలవ్వాలి.

"పన్నని తేలితే బిల్లుతోపాటు నేనూ మూడు వారాలు అటెళ్ళాలి" అంది ఆమె. "హీరోగారు అప్పుడే కిటికీ పక్క సీటు చూసిపెట్టారట."

కార్యదర్శిని ఆఫీసంతా హీరో అనే అంటారు.

"కిటికీ పక్కనా? జల్లు కొడితే తడుస్తారు."

"గొడుగు కూడా తెస్తానన్నారు లెండి."

అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. గంటలో నోటు రాసి పైకి పంపేశాడు: ఇది వర్తక నియంత్రణే.

నకలు చదివిన ఆమె ముఖంలో నవ్వు మాయమైంది.

"తొమ్మిదో క్లాజు చూశారా? సొమ్ము రేవు బాగుకి కాదు, నేరుగా ఖజానాకి. పేరుకే రుసుము, నిజానికి పన్నే. ఈ తేడా నాకు నేర్పింది మీరే! రేపు కోర్టు చట్టాన్ని కొట్టేస్తే?"

ఆమె బ్యాగు అందుకుని, వానలో ఒంటరిగా వెళ్ళిపోయింది.

మర్నాడు ఆఫీసు తెరవగానే అతను పైఅధికారి ముందు నిలబడ్డాడు. "నిన్నటి నోటు తప్పు సార్. అది పన్నే." చీవాట్లన్నీ తలొంచుకుని తిని, కొత్త నోటు మీద సంతకం పెట్టి వచ్చాడు.

మధ్యాహ్నం ఆమె ఫైళ్ళు సర్దుకుంటోంది.

"అసలెందుకలా రాశారు?"

"మీరు అటు వెళ్ళకూడదని. ఆయన నవ్వు, ఆయన సీటు... కడుపు మండిపోయింది."

"ఆయన నిన్న క్యాంటీన్లో పెళ్ళి మాటెత్తారు."

"మీరేమన్నారు?"

"ఆలోచించి చెప్తానన్నాను. ఇందాకే వెళ్ళి కుదరదని చెప్పొచ్చాను."

"నేను నోటు మార్చాకేనా?"

"మార్చాకే. మార్చకపోయుంటే మీకూ కుదరదనే చెప్పేదాన్ని."

"నేనింకా అడగందే!"

"అదేగా నా బాధ. ఏడాదైంది."

"ఆదివారం అమ్మని మీ ఇంటికి తీసుకురానా?"

"తీసుకురండి." ఫైళ్ళు ఎత్తుకుని, గుమ్మం దగ్గర ఆగింది. "మా నాన్నగారు రిటైర్డ్ జడ్జి. ఏమడిగినా ఒక్క నోటుతోనే జవాబు చెప్పండి, రెండోది ఒప్పుకోరు."