జిల్లేడు పెళ్ళికూతురు

చింతమాకులపల్లె దోవలో పట్టుపురుగుల షెడ్డు ఒకటుండాది. పుంగనూరు నుంచి పెద్దపంజాణికి పోతా ఎడమపక్కకు తిరిగితే, మల్బరీ తోట ఎండిపోయి ఉత్త కట్టెలు నిలబడుంటాయి, ఆడ. పగటిపూట మేకలు తోలుకునేవాళ్ళు కూడా ఆ గోడ నీడన కూర్చోరు. రాత్రయితే ఇంగ చెప్పే పనే లేదు.

అందులోనూ మొగోడైతే ఆ పక్క అడుగే పెట్టగూడదు.

ఆడోళ్ళను అది ఏమీ అనదు. పాలు పోసేవాళ్ళు, చీకట్లో కళ్ళం నుంచి వచ్చేవాళ్ళు నిమ్మళంగా పోతారు, నిమ్మళంగా వస్తారు. మొగోడు ఒంటిగా పోయినాడో... షెడ్డు లోపల్నుంచి సన్నగా పిలుపు.

"వచ్చినావా అప్పా... లోపలికి రా..."

ఆడగొంతు. గుసగుస. టీ కొట్టు మురళి ఒక రాత్రి అది విని, బైకు ఆడనే పడేసి, చెప్పులు ఇడిచిపెట్టి, ఊర్లోకొచ్చి పడినాడు. జరం కాక తగ్గేదానికి బోయకొండ గంగమ్మ గుడికి పోయి తాయెత్తు కట్టించుకుని రావాల్సి వచ్చింది. ఆ పైన ఇంకా కొందరు విన్నారు. అందరూ మొగోళ్ళే, అందరికీ అదే మాట.

మరి ఎవురా ఆడది? ఊరంతా ఒక్కటే చెప్తాది — జిల్లేడు పెళ్ళికూతురు.

ఆ కథ కూడా చెప్తా, ఇనండి. ఆ షెడ్డు గంగులమ్మ కొడుకు మునిరత్నానిది. రత్నమని పిలిచేవాళ్ళు. ముప్పై దగ్గరికొచ్చినా పెళ్ళి మాటెత్తనిచ్చేవాడు కాదు. ఈ పిల్ల పొడుగు, ఆ పిల్ల పొట్టి అని ఏదో ఒక వంక పెట్టేవాడు. పోయిన మాఘంలో ఒక తెల్లారుజామున బైకులో పోతా, రోడ్డు పక్కన నిలబెట్టిన లారీకి గుద్దుకుని పోయినాడు.

పెళ్ళి కాకుండా పోయినోణ్ణి అట్లే కాష్టానికి ఎత్తగూడదంటారు మా పక్క. ఆడతోడు ఆశ తీరక తిరగతా ఉంటాడంట. అందుకని శవాన్ని కూర్చోబెట్టి, నొసట బాసికం కట్టి, జిల్లేడు చెట్టుకు ఆయన చేత్తోనే పసుపుతాడు కట్టిస్తారు. రత్నానికీ అట్లే కట్టించినారు. మేనమామ ఆ చెయ్యి పట్టుకుని మూడు ముళ్ళూ ఏయించినాడు. పెళ్ళయినాక చెట్టును కొట్టేసి, శవాన్ని ఎత్తుకుపోయినారు.

"కొట్టినోడు వేరు ఒదిలేసినాడప్పా" అంటాడు ఊరి పెద్ద వెంకటముని. "తాళి కట్టించుకునింది, ఆ గంటకే ముండమోసింది. మొగుడి మొహం సూసింది లేదు, కాపురం సేసింది లేదు. అది ఊరికే ఉంటాదా? మొగోడు కనపడితే పిలస్తాది."

సూడండి ఎంత తెలివో! ఇంత తెలివుండే ఊరు, ఆ పిల్లోడు బతికుండంగా "నీ మనసులో ఏముండాది రా" అని ఒక్క మాట అడగలేదు. చచ్చినాక ఆయన ఆశలు తీర్చేదానికి మాత్రం ఊరు ఊరంతా ఎగబడింది.

ఇంగ రెడ్డెప్ప సంగతి.

రెడ్డెప్పది పెద్దపంజాణి. పికప్ బండి తోలతాడు. సందకాడ టమాటా బాక్సులు ఎత్తుకుని మదనపల్లె మార్కెట్టుకు పోతాడు, పంట వచ్చినప్పుడు పట్టుగూళ్ళు కూడా ఏస్తాడు. తాగడు, బీడీ ముట్టడు, అబద్ధమాడడు అని నాలుగూర్లలో పేరు. ఆ పేరు విని కుప్పం పక్క నుంచి భవ్య అనే పిల్లను ఇస్తామని వాళ్ళంతట వాళ్ళే వచ్చినారు.

రెడ్డెప్పకు దెయ్యాలంటే భయం లేదు. మనుషులంటేనే భయం. యాలంటే, రత్నం అన్ని సంబంధాలు వద్దనింది ఈ రెడ్డెప్ప కోసమే.

పురుగులు మేపే షెడ్డులోకి పైమనిషి రాగూడదు. వస్తే పురుగుకు రోగం తగలతాదని, గడప కాడ బ్లీచింగు నీళ్ళలో కాళ్ళు ముంచి మేపేవాడు ఒక్కడే పోవాల. రాత్రిళ్ళు లేచి ఆకు ఎయ్యాల కాబట్టి రత్నం ఆడనే పడుకునేవాడు. కన్నతల్లి కూడా సంగటి తెచ్చి గడప బయటే పెట్టి పొయ్యేది. ఆ గడప దాటిన పైమనిషి రెడ్డెప్ప ఒక్కడే. మార్కెట్టు నుంచి ఖాళీ బండిలో వస్తా, దోవలో లైట్లు ఆర్పి, ఆ నీళ్ళలో కాళ్ళు ముంచి లోపలికి పొయ్యేవాడు. రెండేండ్లు అట్ల జరిగింది. ఆ రెండేండ్లలో ఒక్క పురుక్కూ రోగం రాలేదు.

రత్నం పోయిన దినం రెడ్డెప్ప కూడా వచ్చినాడు. గుంపు వెనకాల నిలబడి, జిల్లేడుకు తాళి కడతాంటే అందరి మాదిరే చూసినాడు. ఏడ్చేదానికి కూడా ఒక వరస కావాల కదా మనకు. అన్న కాదు, మామ కాదు, బావ కాదు. బాడుగబండి తోలేవాడు బోరున ఏడిస్తే, ఎవురైనా ఏందప్పా అని అడిగితే, ఏమని చెప్పేది? ఇంటికి పోయి, బండి కడగతా ఏడ్చినాడు.

ఆ పైన ఆ దోవ మానేసినాడు. చుట్టయినా వేరే దోవలో పొయ్యేవాడు. పెండ్లి దగ్గరికొచ్చింది. పత్రికలు పంచినారు, ఇంటికి సున్నం కొట్టినారు. ఒక్కొక్క పని అయిపోతాంటే ఆయనకు ఒకటే గుబులు. రత్నానికి చెప్పలేదే... చెప్పకుండా పెళ్ళి చేసుకుంటాండానే...

ఆడగొంతు అని ఊరంతా అంటాది. భయపడినోడికి ఏ గొంతు తెలస్తాది? రత్నమే ఏమో. దెయ్యమైనా సరే, రత్నమైతే చాలు. ఒకసారి కనపడి "సరే, చేసుకో పో" అంటే చాలు. లేదంటే తిట్టినా చాలు.

అట్లా అనుకుని ఒక రాత్రి మార్కెట్టు నుంచి వస్తా, ఆ దోవలోకి బండి తిప్పినాడు.

తోట కాడ లైట్లు ఆర్పినాడు. ఇంజను ఆపినాడు. చలి. ఎండిన మల్బరీ కట్టెలు గాలికి ఒకదానికొకటి తగిలి కిటకిటమంటాండాయి. రెడ్డెప్ప దిగి, అలవాటైన కాళ్ళు కదా, చీకట్లోనే షెడ్డు కాడికి పోయినాడు.

తలుపు ఓరగా తెరిచుండాది.

లోపల ఏదో కదిలింది...

"వచ్చినావా అప్పా?"

రెడ్డెప్ప కాళ్ళు వెనక్కి పోతామంటాండాయి, మనసు పోనీడంలేదు. ఒక్క మాటన్నాడు.

"రత్నం...?"

అంతలో గోడ వారగా రగ్గు కప్పుకున్న ఒక ఆకారం లేచి నిలబడింది. చేతులు చాపింది.

"రత్నం కాదప్పా... వాళ్ళమ్మను."

గంగులమ్మ! దెయ్యం కాదు, గియ్యం కాదు, మోకాళ్ళ నొప్పులతో కుంటతా నడిచే గంగులమ్మ. మొగుడు తాగి పడుకున్నాక ఇంట్లోంచి లేచొచ్చి, కొడుకు రగ్గు కప్పుకుని, ఆ చీకట్లో కూర్చునేది ఆమే.

"ఇన్నాళ్ళుగా పిలస్తాండా నాయనా" అనింది. "దోవన పొయ్యే ప్రతి మొగపిల్లోణ్ణీ పిలిచినా. అందరూ పరిగెత్తినారు. పేరు పెట్టి పిలిచింది నువ్వొక్కడివే. నువ్వేనా అప్పా... ఆ పిల్లోడు నువ్వేనా?"

చీకట్లో ఆమెకు ఆయన మొహం కనపడదు.

"చచ్చిపొయ్యే ముందు రాత్రి నాకు చెప్పినాడు" అనింది గంగులమ్మ. "అమ్మా, నాకు ఆడపిల్ల వద్దు, నాకొకాయన ఉండాడు, రాత్రిపూట షెడ్డు కాడికి వస్తాడు అన్యాడు. నోరు ముయ్యి రా, మీ నాయన వింటే నరకతాడు అన్నా. యాడన్నా పోయి చావు అన్నా. ఆ మాటకు బండి తీసుకుని పోయినాడు. నేనన్న మాటే నాయనా... నేనన్నదే జరిగింది."

గాలి ఆగింది. ఆమె ఒక అడుగు ముందుకొచ్చింది.

"ఆ జిల్లేడుకు కట్టిన తాడుకు పసుపు రాసిచ్చింది కూడా నేనే. వానికి ఇష్టం లేని పెళ్ళి, చచ్చినాక కూడా చేసినా. కండ్లు మూస్తే అదే కనపడతాది. నేను తిట్టనప్పా. ఎవురికీ చెప్పను. నాకేమీ వద్దు. నువ్వేనని ఒక్క మాట చెప్పు. నా బిడ్డ ఈడ ఒంటిగా లేడని, వానికంటూ ఒక మనిషి ఉన్యాడని... నా చెవులారా ఇంటే, ఇంటికి పోయి పడుకుంటా."

ఎంత మాట కావాల్సింది? "నేనేనమ్మా". అంతే కదా. ఆ మాట రెడ్డెప్ప నోటి దాకా వచ్చింది. ఆమె కాళ్ళ మింద పడి, ఇన్నాళ్ళు బండి కడగతా ఏడ్చిన ఏడుపంతా ఆడ ఏడ్చేయాలనిపించింది. లోకంలో రత్నం కోసం తనతోపాటు ఏడ్చే మనిషి ఈమె ఒక్కతే.

అయితే ఆమె ఒకనాడు ఏడుపులో ఎవురితోనన్నా అనేస్తే? కుప్పం దాకా పోతే? నాయన తలెత్తుకుని తిరుగుతాడా? చెల్లెలికి సంబంధం వస్తాదా?

గొంతు మార్చి చెప్పినాడు.

"నేను కాదమ్మా. దోవన పోతా, ఏదో సద్దయితే చూసినా."

"మరి పేరెట్ల తెలుసు అప్పా?"

"ఊరంతా చెప్పుకుంటాండారు కదమ్మా... రత్నం షెడ్డు అని."

గంగులమ్మ చాపిన చేతులు కిందికి దింపుకునింది.

"అట్లనా" అనింది. "సరేప్పా. పొద్దుపోయింది, జాగర్తగా పో. ఆ పిల్లోడు యాడన్నా కనపడితే చెప్పు, గంగులమ్మ ఈడనే ఉంటాదని."

రెడ్డెప్ప తోటలో పడి వచ్చేసినాడు. బండి తలుపు మింద చెయ్యి ఏసినాడో లేదో, మొహం మింద భగ్గుమని టార్చి పడింది.

వెంకటముని, ఆయన వెనకాల టీ కొట్టు మురళి. ఇద్దరుండారనే ధైర్యంతో పుంగనూరు నుంచి బైకులో ఆ దోవనే వస్తా, లైట్లు లేని బండిని చూసి ఆగినారు.

"ఏమప్పా రెడ్డెప్పా, ఈడ యాల నిలబెట్టినావు? ఆ షెడ్డులో నీకేం పని?"

ఏం పని! రెండేండ్లుగా ఎవురూ అడగని మాట. టార్చి మొహం మింద నుంచి కదలడంలేదు. వెంకటముని కండ్లు చిట్లించి చూస్తాండాడు. పెండ్లి ముందర, ఈ నడిరేయి, ఒంటిగా...

"దెయ్యం మామా" అన్యాడు రెడ్డెప్ప. "పిలిచింది. ఇంజను దానంతటదే ఆగిపోయింది. లైట్లు ఆరిపోయినాయి. కాళ్ళు వాటంతటవే లోపలికి నడిచినాయి."

"ఆడదేనా?"

"ఆడదే."

"కాళ్ళు సూసినావా? వెనక్కి ఉండాయా, ముందుకా?"

రెడ్డెప్ప షెడ్డు పక్క ఒకసారి తిరిగి చూసినాడు.

"వెనక్కే మామా. మడమలు ముందుకుండాయి."

షెడ్డు అంత దూరమేం కాదు. రాత్రిపూట మాట బాగా వినపడతాది. ఆ మాటకు షెడ్డులోంచి ఎవురో సన్నగా... కడుపులోంచి వచ్చినట్టు... ఏడ్చినారు.

"అయ్యో గంగమ్మ తల్లీ!" అని మురళి బైకు ఎక్కినాడు. వెంకటముని టార్చి కింద పడేసినాడు. అందరికంటే ముందు బండి తీసింది మాత్రం రెడ్డెప్పే.

అబద్ధమాడని మనిషి చెప్పిన సాక్ష్యం కదా, ఇంగ కాదనేదెవురు? తెల్లారగానే ఊరోళ్ళు పోయి షెడ్డు తలుపుకు మేకులు కొట్టినారు, దోవకడ్డంగా కంప ఏసినారు. ఇప్పుడు అటు పక్క మనిషన్నవాడు పోడు. గంగులమ్మ ఇంట్లోనే ఉంటాది. ఎవురితోనూ మాట్లాడదు. జిల్లేడు కోడలి ఉసురు తగిలిందంటారు.

రెడ్డెప్ప పెండ్లి కుప్పంలో జాంజామ్మని జరిగింది. ఆ దెయ్యం కథ ఆయన కంటే ముందే అత్తగారింటికి చేరిపోయింది. కొత్త పెండ్లాం భవ్య ఒక రాత్రి దీపం ఆర్పినాక, భయమూ ఆత్రమూ పట్టలేక అడిగింది.

"నిజంగానే చూసినారా?"

"చూసినా."

"మీతో ఏమన్నా అనిందా?"

రెడ్డెప్ప ఏమనుకున్యాడో, చీకటి కదా, ఉన్న మాటే చెప్పినాడు.

"నువ్వేనా అని అడిగింది."

"అమ్మో! మీరేమన్నారు?"

"నేను కాదన్నా."

భవ్య గుండె మింద చెయ్యేసుకుని నిమ్మళంగా ఊపిరి ఇడిచింది. ఆయన పక్కకు జరిగి, చెయ్యి గట్టిగా పట్టుకునింది.

"మంచి పని చేసినారు" అనింది. "అవునని ఉంటే మిమ్మల్ని ఇడిచిపెట్టి ఉండునా అది!"