మొదటి బిస్కత్తు

"ఏమప్పా, కండ్లు యాడ పెట్టుకోని నడుస్తాండావు?" అని అరిచింది ఉరుకుందమ్మ.

కోడుమూరు వీధిలో మగ్గానికని గంజి పెట్టి ఆరేసిన పడుగు దారాల కింద దూరబోయి, గురుస్వామి తలపాగాతో నాలుగు పోగులు తెంపేశాడు. ఆలూరు నుంచి నూలు తెచ్చే బండి అతనిదే. యుద్ధం మూలాన నూలు కరువైన రోజులు. పోగు తెగితే ఉరుకుందమ్మకు వేలు తెగినట్టే ఉంది.

"అతికిస్తాలే మ్మే. దీనికింత కోపమా?" అంటూ అతను అక్కడే కూర్చుని పోగులు అతికించాడు. వేళ్ళు చురుకైనవే. నోరు ఇంకా చురుకు. "మీ ఇంట్లో తినేదానికి ఏమన్నా ఉండాదా, అంతా నూలేనా?"

"మా అవ్వ ఉన్నింటే బిస్కత్తులు పెట్టేది."

"మా అవ్వ చేసేవాటి ముందర మీ అవ్వవి ఏపాటివి?"

ఆ మాట ఆమెను వారమంతా కుట్టింది.

కుండలో ఇసుక పోసి, లోపల పళ్ళెం పెట్టి, మూత మీద నిప్పులు పరిచేది అవ్వ. నెయ్యి వాసన మగ్గం దాకా వెళ్ళగానే తాత చేయి తడబడేది. మొదటి బిస్కత్తు అవ్వే కొరికి, కాసేపు ఆగేది. ఆ తరువాతే, చేతులు ఖాళీ లేని తాత నోట్లో ఒకటి పెట్టేది. "అంత భయమేమే? నన్ను చంపుతావా?" అని తాత నవ్వేవాడు. అవ్వ నవ్వేది కాదు. ఆ మగ్గం పక్కన కూర్చుని తన వంతు కోసం నోరు తెరిచిన రోజులు ఉరుకుందమ్మకు ఇంకా గుర్తే. ఇప్పుడు ఇద్దరూ లేరు.

గురుస్వామి బండి మళ్ళీ వచ్చిన పొద్దున, అమ్మ లేవకముందే ఉరుకుందమ్మ చీకటి వంటింట్లో పిండి, బెల్లం, నెయ్యి కలిపింది. బిస్కత్తులు కాలేసరికి బండి కదలబోతోంది. వేడివేడిగానే గుడ్డలో మూటకట్టి అతని చేతికిచ్చింది.

"ఎవరు గెలిచినారో తిని చెప్తా," అంటూ నవ్వాడు.

ఆ నవ్వు తలుచుకుంటూ వీధిలో పడుగు సర్ది, ఎండెక్కాక లోపలికి వస్తే, అమ్మ బసమ్మ పిండి కుండ ముందు నిలబడి ఉంది.

"గంజిపిండి ఎవరు తీసినారే?"

"అది గోధుమపిండే కదమ్మా?"

"గోధుమపిండే. పడుగుకు పురుగు పట్టకుండా, మీ అవ్వ కలిపినట్టే మైలుతుత్తం విషం నూరి కలిపింటి. ఏం చేసినావే?"

ఉరుకుందమ్మ అప్పటికే వీధిలో పరుగెత్తుతోంది.

ఒక్కటి కొరికి ఉంటే! అవ్వ చేసినట్టు కాసేపు ఆగి ఉంటే! ఆలూరు దారిలో మనిషి లేడు. ఎండకు మిట్ట మీది రాళ్ళు కూడా కదులుతున్నట్టున్నాయి. ప్రతి మలుపులోనూ ఏం చూడాల్సి వస్తుందోనని కళ్ళు మూసుకోబోయి, మళ్ళీ తెరిచింది.

నీళ్ళ వంక దగ్గర ఎద్దులు విప్పి ఉన్నాయి. ఇసుకలో అతను బోర్లా పడి ఉన్నాడు. పక్కన గుడ్డ, ఖాళీగా.

"అప్పా... ఏమప్పా..."

కదల్లేదు. భుజం తట్టింది. అతను ఉలిక్కిపడి లేచాడు.

"ఏంది మ్మే? కునుకు కూడా తీయనీవా?"

"అన్నీ తింటివా?"

"ఆ. శానా బాగుండాయి."

ఆమె ఖాళీ గుడ్డ చేతిలోకి తీసుకుంది. "దాంట్లో మైలుతుత్తం ఉండాది."

అతను తల గోక్కున్నాడు. "అట్లయితే తినలేదు."

"ఏంది?"

"కొరికితే ఒకటే చేదు. ఊసేసినా. ఎద్దులు తినకుండా ఇసుకలో పూడ్చినా. బాగలేదంటే నువ్వు ఏడుస్తావని..."

"ఏమన్నా మింగినావా?"

"ఒక తునక పోయిందేమో."

ఆమె దోసిళ్ళతో నీళ్ళు తాగించి, గొంతులో వేలు పెట్టుకోమని వెంటబడి కక్కించింది.

"ఇట్లాంటి మర్యాద మా ఊర్లో లేదు," అన్నాడు మూతి తుడుచుకుంటూ.

ఆమె నవ్వలేదు. బండి నీడ చాలా దూరం పాకేదాకా అతని ముఖమే చూస్తూ కూర్చుంది. అతను రెప్పవేస్తే చాలు, "కడుపులో ఎట్లుండాది?" అనేది.

"కడుపు బాగుండాది. నువ్వట్ల చూస్తాంటే గుండే బాగలేదు." గొంతు తగ్గించాడు. "ఇంకో అబద్ధం కూడా చెప్పినా. మా అవ్వను నేను చూసిందే లేదు. నేను పుట్టకముందే పోయింది. నీతో ఇంకొంచెంసేపు మాట్లాడాలని..."

ఉరుకుందమ్మ ఇసుక వైపు చూస్తూ అంది. "ఈసారి ముందు నేను తింటా. తరువాతే నువ్వు."

"ఈసారికేనా?"

"ఎప్పుడూ."

అతను తరువాత వచ్చిన రోజు వీధిలో పడుగు పరిచి ఉంది. ఎవరూ చెప్పకుండానే తెగిన పోగులు అతికించడానికి కూర్చున్నాడు. అమ్మ చేత్తో తీసిచ్చిన పిండితోనే చేసినా, బిస్కత్తు కొరికి, తనకేమీ కాలేదని తేలేదాకా ఉరుకుందమ్మ ఆగింది. అవ్వ ఎందుకు నవ్వేది కాదో ఇప్పుడు తెలిసింది. తరువాత, చేతులు ఖాళీ లేని అతని నోట్లో ఒకటి పెట్టింది.

గడపలోంచి బసమ్మ అంతా చూసింది.

"ఏమప్పా గురుస్వామీ, మీ అమ్మనూ నాయన్నూ ఒకసారి ఈడికి రమ్మని చెప్పు."

నోటినిండా బిస్కత్తుతో అతను గట్టిగా తలూపాడు. ఆ ఊపుకు చేతిలోని పోగు తెగింది.

ఉరుకుందమ్మ ఈసారి కోప్పడకుండా పక్కన కూర్చుని, ఆ పోగు రెండో కొస పట్టుకుంది.