మంట కింద అక్షరాలు

ఒత్తులూ దీర్ఘాలూ నాకింకా పూర్తిగా లొంగలేదు. తప్పు దొర్లిన చోట మీరే దిద్దుకుని చదవండి. ఈ నాలుగు పేజీలు రాయడానికి నాకు రెండు నెలలు పట్టింది. మీకు టీ చల్లారేలోగా అయిపోతుంది. ఆలస్యానికి కోప్పడకండి.

మూడో విడతకు ముందు అసిరమ్మ కళ్లు కడిగారు. రోజూ కడిగేవే. రెండు చుక్కల మందునీళ్లు, మెత్తటి గుడ్డ, ఆ తర్వాత మణికట్టుకు నాడిపట్టీ. కొలతదారు భానోజీ తన చేతికీ ఒక పట్టీ కట్టుకున్నాడు. రెండు పట్టీలూ సరిగ్గా పలుకుతున్నాయని తేలాక అతను తనది విప్పేసుకోవాలి. అది చూపుశాల పద్ధతి. ఇవాళ అతనికి ఆ ధ్యాస లేదు.

“రాత్రి నిద్ర పట్టిందా అమ్మా?”

“పట్టింది బాబూ. కల్లోకి ఆవిడే వొచ్చింది.”

“ఎవరు?”

“ఇంకెవులు, జ్వాలిక. మా పొయ్యికాడ కూకుని పకోడీలేత్తంది.”

భానోజీ నవ్వలేదు. “కల వచ్చింది” అని మాత్రం రాసుకున్నాడు.

చూపుశాల భీమిలి అవతల కొండ మీద ఉంది. అక్కడ పదహారుమంది తొలిచూపరులు ఉంటారు. ఒక్కరికీ అక్షరం రాదు. వాళ్లుండే గదుల్లో తెరలు లేవు. ఉప్పు డబ్బా మీద కూడా ఉప్పురాళ్ల బొమ్మే తప్ప మాట ఉండదు. కొండ కింద జనం చూడనిదంటూ ఏదీ మిగల్లేదు. తల తెగినా, నెత్తురు పారినా వాళ్లు ఆవులిస్తారు. అందుకని ఈ పదహారుమంది ఉలుకే లెక్కలోకి వస్తుంది. ఒక్కో గాయకురాలికి ఒక్కో తొలిచూపరి. ఉలుకు అంకె నలభై దాటితే ఆమె మరో ఏడాది తన పేరుతో తాను పాడుకోవచ్చు. వరసగా మూడు విడతలు దాటకపోతే గొంతు ఉమ్మడిలో కలుస్తుంది. ఆ తర్వాత ఆ గొంతుతో ఎవరైనా పాడవచ్చు, ఆమె తప్ప.

జ్వాలికకు డెబ్బై ఒక్క ఏళ్లు. ఒక ఏడాది మెడలో పాములు వేసుకుని పాడింది. ఒక ఏడాది వేదిక మీదే గుండు చేయించుకుంది. నిరుడు పాడె మీద వచ్చింది. నలుగురు మోస్తుండగా నడిదారిలో లేచి కూర్చుని పల్లవి ఎత్తుకుంది. అప్పుడు అసిరమ్మ “ఓలమ్మో!” అని కుర్చీతో సహా వెనక్కి పడింది. అంకె తొంభై ఒకటి. కానీ ఈ ఏడాది తన పిండం తానే కాకులకు పెడుతూ పాడితే ఇరవై రెండు వచ్చింది. మెడలో కొడవలి దిగినప్పుడు పదిహేడు. మిగిలింది ఇవాళ్టి విడత.

తెర వెలిగింది. చితి. దాని మీద జ్వాలిక పద్మాసనం వేసుకుని ఉంది. మొదట జుట్టు అంటుకుంది, తర్వాత చీర. పెదవులు మాడిపోతున్నా పాట ఆగలేదు.

అసిరమ్మ చూపు మంట మీద నిలవలేదు. కింద ఎడమ మూలకు జారింది. చిన్న తెల్ల గీతలు. నిరుటి వరకు అవి ఆమెకు చీమల బారు. ఇప్పుడు అవి మూడు అక్షరాలు.

ఆమె బట్టల మడతల్లో ఒక పాటల పుస్తకం ఉంది. పెళ్లయిన కొత్తలో జాతరలో మొగుడు కొన్నాడు. అట్ట మీద మైకు పట్టుకుని, రెండు జడలతో జ్వాలిక. అప్పట్లో పాములూ లేవు, మంటా లేదు. అతను చదివి పాడేవాడు, ఈమె విని పాడేది. అతను పోయాక పుస్తకమొక్కటే ఆమెతో కొండెక్కింది. చదువు రానిదానికి పుస్తకం ఏం చేస్తుందిలే అని కాపలావాళ్లు వదిలేశారు. సెలవు మధ్యాహ్నాల్లో ఆమె వరస మీద వేలు పెట్టి, వచ్చిన పాట మెల్లగా పాడుకునేది. ఇక్కడ “చం” అంటే ఇదే “చం” కాబోలు. ఎనిమిది నెలలకు పాటలో లేని మాటలు కూడా విడిపోవడం మొదలైంది.

పట్టీలో అంకె పద్నాలుగు. అంకె పెంచాలని అసిరమ్మ నాలుక కొరుక్కుంది. చిన్నప్పుడు నూతిలో పడబోవడం తలుచుకుంది. పదిహేను.

“ఇంకో నిమిషం ఉంది. మంటకేసి చూడమ్మా.”

“సూత్తన్నాను బాబూ.”

“చూపు కిందికి పోతోంది. అక్కడేముంది?”

కుడివైపు నల్లతెర వెనక ఎవరో దగ్గారు. గాయకురాలు అక్కడ కూర్చుని వినవచ్చు, మాట్లాడకూడదు. ఏళ్లుగా అసిరమ్మకు ఒకటే సందేహం, మంటలో పాడితే దగ్గు రాదా అని. ఆ దగ్గు ఇప్పుడు వినపడింది. అది ముసలి దగ్గు. తన ఉలుకు పోయింది గాని, ఆవిడ పాటలో లోటేమీ రాలేదు. తనకు చదువొచ్చిన సంగతి చెబితే సాయంత్రానికల్లా కొండ దింపేస్తారు. కింద తనకు ఇల్లు లేదు. చెప్పకపోతే ఆ తెర వెనక మనిషికి గొంతు ఉండదు.

ఆమె వేలు గాలిలో ఒక్కో అక్షరం కింద ఆగింది.

“క... ల్పి... తం.”

“ఏమన్నావ్?”

“అక్కడ రాసుంది బాబూ. ఎప్పుడూ అదే రాత్తారు. అది సదివేసినాక మరేటి బయం?”

గది గోడ మీద అంకె ఎగిరింది. తొంభై ఆరు. అసిరమ్మ పట్టీ పదిహేను దగ్గరే ఉంది. భానోజీ తన చేతివంక చూసుకున్నాడు.

“ఉలుకు నమోదైంది. ఎవరిది?” అని యంత్రం అడిగింది.

నల్లతెర తొలగింది. మోకాలికి పట్టీ, ముక్కు మీద కళ్లద్దాలు, ముతక నేత చీర. జ్వాలిక గోడ పట్టుకుని వచ్చింది.

“ఎవరు నేర్పారే నీకు?”

“నువ్వే. నీ పాటల పుస్తకం మీద నేర్సుకున్నాను.”

“పదేళ్లుగా నరికించుకుంటున్నాను, కాల్పించుకుంటున్నాను. ఆ పాటలు ఇంకా ఎవరికి గుర్తున్నాయే?”

“నాకున్నాయి గదమ్మా. అయితే ఆ దగ్గు మంట వల్లేనేటి?”

“మంటెక్కడిది, నా మొహం! మీ తెరకి బెత్తెడు దుమ్ము.”

“మాట్లాడకూడదు, ఇద్దరూ!” అన్నాడు భానోజీ. చదువొచ్చినవాళ్ల ఉలుకులు చెల్లవు. “ఇంకెవరికైనా చదువొచ్చా?”

అసిరమ్మ నేలచూపు చూసింది. “పొయ్యికాడ అందరం అయ్యే పాటలు పాడతాం బాబూ. నాను ఏలెట్టి సూపించినాను. అంతే.”

“అందరూ అంటే?”

“పదారుమందిమీ.”

“ఉలుకు ఎవరిది?” యంత్రం మళ్లీ అడిగింది.

అసిరమ్మ పేరు చెబితే జ్వాలిక గట్టెక్కుతుంది, పట్టీ విప్పని భానోజీ తప్పూ బయటపడదు. తొంభై ఆరు చెల్లదంటే గొంతు ఉమ్మడికి పోతుంది. భానోజీ పట్టీ విప్పి బల్ల మీద పెట్టాడు.

“నాది.”

భానోజీలాంటి కొండ కిందివాళ్లు ఉలకరు. వాళ్ల ఉలుకును ఏం చేయాలో యంత్రానికి ఎవరూ చెప్పలేదు. అంకె తేలేదాకా గొంతు ఉమ్మడిలో కలపకూడదన్నది మాత్రం చెప్పారు. తొంభై ఆరు చెరగకుండా గోడ మీద ఉండిపోయింది.

అసిరమ్మ మూట కట్టుకోవడానికి లేవలేదు. నడుము దగ్గర దోపుకున్న పుస్తకం తీసి ఒళ్లో తెరిచింది. జ్వాలిక పల్లవి ఎత్తుకుంది, రెండో చరణం దగ్గర మరిచిపోయి ఆగింది.

అసిరమ్మ అక్కడ వేలు పెట్టింది.

లెంక సూరీడమ్మ, ఆ పదహారుమందిలో ఒకరు
అరవై ఏడేళ్లు
ప్రస్తుతం ఉంటున్నది నెల్లిమర్ల